ఫైర్ సూట్ ఎలా ఎంచుకోవాలి: పనిని బట్టి, ఉతికే ఏర్పాటును బట్టి

ఫైర్ సూట్లు కొనే ముందు ఎక్కువ మంది మొదట అడిగేది "ఇది ఎంత వేడికి ఆగుతుంది?" అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ మొదట అడగాల్సింది అది కాదు. మన అగ్నిమాపక సిబ్బందికి ఎక్కువగా వచ్చే పిలుపులు ఎలాంటివి? మంట దగ్గర నుంచి వచ్చాక ఈ సూట్‌ని ఎవరు, ఎక్కడ, ఎలా ఉతుకుతారు? ఈ రెండింటికీ జవాబు లేకుండా కొన్న సూట్ ఎంత ఖరీదైనదైనా కొన్నాళ్లకు చెమట నిలిచి, మసి పట్టి, వేసుకున్న మనిషికే చేటు చేస్తుంది.

మందంగా ఉంటే భద్రం అన్న నమ్మకం చాలా స్టేషన్లలో గట్టిగా ఉంది. మందం పెరిగితే బయటి వేడి లోపలికి రావడం ఆలస్యమవుతుంది, అది నిజం. అయితే ఒంట్లో పుట్టే వేడి బయటికి పోకుండా అడ్డుపడేదీ ఆ మందమే. సూట్, హెల్మెట్, బూట్లు, బ్రీతింగ్ సెట్ (పొగలో ఊపిరి కోసం వీపున మోసే గాలి సిలిండర్, మాస్కు) అన్నీ కలిపితే ఒంటి మీద 20 కిలోలకు పైనే బరువు. దాంతో మెట్లెక్కి, నీళ్లు నిండిన హోస్ లాగి, మనిషిని మోసుకొచ్చే పనిలో శరీరం ఎంత వేడెక్కుతుందో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. అమెరికాలో విధుల్లో ఉండగా చనిపోతున్న అగ్నిమాపక సిబ్బందిలో చాలా ఏళ్లుగా ఎక్కువ మంది ప్రాణం తీస్తున్నది మంట కాదు, గుండె హఠాత్తుగా ఆగిపోవడం. దానికి కారణాలు అనేకం. శ్రమ, వేడి, ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం వాటిలో ఉన్నాయి కాబట్టి సూట్ ఎంపికలో ఈ సంగతి మర్చిపోకూడదు.

ముందు పని సంగతి

మండుతున్న భవనం లోపలికి వెళ్లేవాళ్లకు మూడు పొరల సూట్ తప్పదు. పైపొర మంటనీ రాపిడినీ ఆపుతుంది. మధ్యలో ఉండేది పల్చటి ఫిల్మ్ అతికించిన బట్ట. అది బయటి నీళ్లను, రక్తాన్ని లోపలికి రానివ్వదు, లోపలి చెమట ఆవిరిని మాత్రం బయటికి వదులుతుంది. ఒంటి వైపు ఉండే లోపొర వేడిని ఆపుతుంది, మొత్తం రక్షణలో పెద్ద వాటా దానిదే. అందులోనూ ఎక్కువ పని చేసేది దారాల మధ్య నిలిచి ఉండే గాలి. ఈ రకం సూట్లకు యూరప్‌లో ఈఎన్ 469 ప్రమాణం. అమెరికాలో అగ్ని భద్రతా ప్రమాణాలు రాసే సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ ఇచ్చిన ఎన్‌ఎఫ్‌పీఏ 1971 ఉండేది, ఇప్పుడు దాన్ని ఎన్‌ఎఫ్‌పీఏ 1970లో కలిపేశారు. సూట్ లేబుల్ మీద ఈ ప్రమాణాల్లో ఏది కనిపించినా అది సాధారణంగా భవనాల మంటల సూటేనని గుర్తు.

అడవి మంటల పని వేరు. గంటల తరబడి నడవాలి, తవ్వాలి, పొదలు నరకాలి. అక్కడ కావాల్సింది వదులుగా, గాలాడేలా ఉండే ఒంటిపొర (ఒకే పొర ఉన్న) బట్టలు. వీటికి ఎన్‌ఎఫ్‌పీఏ 1977, ఈఎన్ 15614 అన్న ప్రమాణాలు ఉండేవి. మొదటిది ఇప్పుడు ఎన్‌ఎఫ్‌పీఏ 1950లో భాగం, రెండోదాని చోట ఈఎన్ ఐఎస్‌ఓ 15384 వచ్చింది. మూడు పొరల సూట్ వేసుకుని కొండ ఎక్కితే మంట తగలక ముందే వడదెబ్బ తగులుతుంది. అలాగని ఆ ఒంటిపొర బట్టలతో మండుతున్న ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. రెండు రకాల పిలుపులూ వచ్చే చోట రెండు రకాల బట్టలూ ఉండాల్సిందే. "మధ్యస్థంగా ఏదో ఒకటి" అని కొంటే అది రెండు చోట్లా పనికిరాదు.

ఇక రెస్క్యూ పనులు. రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన కారు కోయడం, కూలిన గోడల కింద నుంచి మనిషిని తీయడం, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లను దించడం. చాలా చోట్ల మంటల కంటే ఇలాంటి పిలుపులే ఎక్కువ. వీటికి మూడు పొరల సూట్ బరువెక్కువ, కదలిక తక్కువ. పైగా ప్రతి ప్రమాదంలోనూ దానికి రక్తం, డీజిల్, గాజు ముక్కలు అంటుతాయి. రెస్క్యూ సూట్లకు ఎన్‌ఎఫ్‌పీఏ 1951 అన్న ప్రమాణం ఉండేది, అదిప్పుడు 1950లో భాగం. యూరప్‌లో ఈఎన్ 16689. వీటికి మంట నుంచి కొంత రక్షణ ఉంటుంది, చిరుగుకూ రాపిడికీ తట్టుకుంటాయి, దూరం నుంచి బాగా కనిపిస్తాయి. నా సలహా సూటిగా చెబుతాను. మీకు వచ్చే పిలుపుల్లో సగం పైన ప్రమాదాలే అయితే, ఫైర్ సూట్‌ని ఇంకో మెట్టు ఖరీదైన రకానికి మార్చే డబ్బుతో ప్రతి మనిషికీ ఒక రెస్క్యూ సూట్ కొనండి. మనిషికి సుఖం, ఫైర్ సూట్ కూడా ఇంకొన్నేళ్లు ఎక్కువ మన్నుతుంది.

వెండిలా మెరిసే అల్యూమినైజ్డ్ సూట్లు విమానాలు, చమురు ట్యాంకుల మంటల దగ్గర దూరం నుంచి తాకే సెగను తిప్పికొట్టడానికి. మడత పెట్టి మడత పెట్టి మెరుపు పగిలిందంటే సెగను తిప్పికొట్టే గుణం కూడా పోయినట్టే. అలాంటి పని లేని స్టేషన్‌కి అవి అక్కర్లేదు.

ఏ ఫైర్ సూటూ పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. వరద నీళ్లలో, చెరువులో దిగేటప్పుడు ఫైర్ సూట్ వేసుకోవద్దు. నీళ్లు పట్టిన సూట్‌తో, నిండిన బూట్లతో ఈదలేరు. దానికి లైఫ్ జాకెట్, డ్రై సూట్ వేరే ఉంటాయి. రసాయనాలు కారుతున్న చోట కూడా ఇది చాలదు. వాయువు మెడ దగ్గర, చేతుల దగ్గర దూరుతుంది, ద్రవం బట్టలోకి, గ్లవ్స్ తోలులోకి ఇంకుతుంది. కరెంటు తీగల దగ్గర సూట్‌ని నమ్ముకుని వెళ్లడం కూడా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

లేబుల్ మీది అంకెలు ఎలా చదవాలి

అమెరికా ప్రమాణం సూట్లలో రెండు అంకెలు ముఖ్యం. టీపీపీ అనేది వేడి లోపలికి రావడానికి పట్టే సమయాన్ని చెబుతుంది. కనీసం 35 ఉండాలి. దాన్ని సగం చేస్తే సెకన్లు వస్తాయి, అంటే 17.5 సెకన్లు. గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమన్నప్పుడు ఉండేంత వేడిలో పెడితే, బట్ట వెనక ఉన్న చర్మం బొబ్బలెక్కే స్థాయికి చేరడానికి ల్యాబ్‌లో పట్టే సమయం అది. అక్కడ బట్ట పొడిగా, శుభ్రంగా, చదునుగా ఉంటుంది. తడిసి, మోకాలి దగ్గర బిగుసుకున్న సూట్‌లో అంత సమయం దొరుకుతుందని ఎవరూ లెక్క వేసుకోకూడదు. ఆ సెకన్లు బయటికి పరుగెత్తడానికే, లోపల నిలబడి పని చేయడానికి కాదు.

రెండోది టీహెచ్‌ఎల్, ఒంటి వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె. భవనాల సూట్లలో ఇది చదరపు మీటరుకు కనీసం 205 వాట్లు ఉండాలి. అడవి మంటల బట్టలకు కనీసం 450 కావాలి. రెండు రకాలూ ఎంత వేరో ఈ ఒక్క తేడాలోనే తెలుస్తుంది.

ఈ రెండు అంకెలూ సాధారణంగా ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతాయి. ఉదాహరణకు ఒక సూట్‌కి టీపీపీ 38, టీహెచ్‌ఎల్ 270 అనుకుందాం. ఇంకోదానికి 46, 215. అమ్మేవాళ్లు 46ని చూపించి గొప్పగా చెబుతారు. ఆ తేడా ల్యాబ్‌లో నాలుగు సెకన్లు. అటువైపు వేడిని వదిలే గుణంలో తేడా మాత్రం వేసుకున్న ప్రతి నిమిషమూ ఒంటికి తెలుస్తుంది. వేడి, ఉక్కపోత ఎక్కువున్న చోట పనిచేసేవాళ్లు మొదటిదే తీసుకోవాలని నా అభిప్రాయం. రెండోది తరచూ లోతైన, పెద్ద భవనాల మంటల్లోకి వెళ్లే దళాలకు. అదీ మనుషుల్ని త్వరత్వరగా మార్చి విశ్రాంతి ఇచ్చేంత సిబ్బంది ఉంటేనే.

యూరప్ లేబుల్ మీద ఎక్స్, వై, జెడ్ అని మూడు అక్షరాలు, ఒక్కోదాని పక్కన 1 లేదా 2 ఉంటాయి. ఎక్స్ వేడికి, వై నీళ్లకు, జెడ్ చెమట ఆవిరి బయటికి పోవడానికి. 2 ఉంటే మెరుగైన స్థాయి. లోపలికి వెళ్లి మంట ఆర్పే పనికి ఎక్స్2 లేకుండా కొనవద్దు. జెడ్ మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ నేనైతే ఎక్స్ తర్వాత చూసేది అదే.

తడి గురించి కాస్త గట్టిగా చెప్పాలి. తడిగుడ్డతో పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే చెయ్యి చుర్రుమన్నట్టు, చెమటతో తడిసిన లోపొరలో వేడి ఆవిరై చర్మాన్ని కాలుస్తుంది. పైపొర మీద చిన్న మచ్చ కూడా కనిపించదు, లోపల మాత్రం బొబ్బలు. బ్రీతింగ్ సెట్ పట్టీల కింద భుజాలు, నేల మీద ఆనే మోకాళ్లు, వంచిన మోచేతులు ఇలా ముందుగా కాలే చోట్లు, ఎందుకంటే అక్కడ పొరల మధ్య గాలి నలిగిపోయి ఉంటుంది. కాబట్టి మోకాళ్ల దగ్గర, భుజాల దగ్గర అదనపు ప్యాడింగ్ ఉన్న సూట్‌ని, అంకెలు కొంచెం తక్కువైనా సరే, ఎంచుకోండి.

పైపొర ఏ బట్టది కావాలి

అరామిడ్ అంటే వేడికి తట్టుకునే కృత్రిమ నార. అందులో నోమెక్స్ లాంటి మెటా అరామిడ్ మెత్తగా ఉంటుంది, చాలాకాలం మన్నుతుంది. గట్టి మంట తాకితే మాత్రం మాడి పగలవచ్చు. అందుకే దానిలో కెవ్లార్ లాంటి పారా అరామిడ్ కలుపుతారు. కెవ్లార్‌కి బలం ఎక్కువ, కానీ ఎండ పడదు. ఎండలో పెడితే రంగు వెలిసి, బలం తగ్గిపోతుంది. పీబీఐ అనే మరో కృత్రిమ నార కలిపిన బట్ట పెద్ద మంట తాకాక కూడా పెళుసెక్కకుండా మెత్తగానే ఉంటుంది. ధర ఎక్కువ. రోజూ మంటల్లోకి వెళ్లే దళానికి ఆ ఖర్చు న్యాయమే. నెలకో మంట వచ్చే చోట అరామిడ్ మిశ్రమం చాలు, మిగిలిన డబ్బుకి ఇంతకంటే మంచి పని ఉంది, అది కింద చెబుతాను.

రంగు విషయంలో లేత రంగే మేలు. నల్ల సూట్‌లో మసి కనిపించదు కాబట్టి ఉతకడం వాయిదా పడుతుంది. లేత పసుపు, గోధుమ రంగుల మీద మురికి దాచుకోలేరు.

పీఫాస్ అనే, ఒంట్లోనూ నేలలోనూ ఏళ్ల తరబడి పోకుండా నిలిచిపోయే రసాయనాల గురించి చాలామంది టెన్షన్ పడుతున్నారు. అది అనవసరమైన భయమేమీ కాదు. నీళ్లు అంటకుండా పైపొరకు పూసే పూతలోనూ, మధ్య పొర ఫిల్మ్‌లోనూ వీటిని ఏళ్లుగా వాడారు. ఇప్పుడు అవి లేని బట్టలు వస్తున్నాయి. అవి నీళ్లను జారవిడుస్తాయి, డీజిల్, నూనెల్ని మాత్రం పాతవాటంత బాగా జారవిడవవు. కొత్తగా కొనేవాళ్లు అవి లేని రకమే తీసుకోవాలని నేను చెబుతాను, ఒక షరతు మీద: నూనె అంటితే అదే రోజు ఉతకాలి.

ఒక ఖరీదైన జతా, రెండు మధ్యరకం జతలా

ఈ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా వాదించే విషయం ఇది. మనిషికి ఒకే జత ఉంటే దాన్ని ఉతకరు. ఉతికితే ఆరేదాకా వేసుకోవడానికి ఏమీ ఉండదు, ఈలోగా పిలుపు వస్తే తడి సూట్‌తో వెళ్లాలి. కాబట్టి మసితోనే హుక్కుకు తగిలిస్తారు. అది బద్ధకం కాదు, వేరే దారి లేకపోవడం.

ఆ మసిలో ఏముందో తెలిస్తే ఇలా వదిలేయలేం. ప్లాస్టిక్, ఫోమ్, రంగులు కాలినప్పుడు వచ్చే విషాలు బట్టలో ఇంకి, మెడ దగ్గర, గజ్జల దగ్గర చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2022లో అగ్నిమాపక వృత్తినే మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా మొదటి గ్రూపులో చేర్చింది. మసి పట్టిన సూట్‌ని అనుభవానికి గుర్తుగా గర్వంగా చూసుకునే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఆ గర్వం వెనక ఉన్న కష్టాన్ని గౌరవిస్తాను, కానీ ఆ మసిని ఒంటి మీద ఉంచుకోవద్దని ప్రతి కొత్త కుర్రాడికీ, అమ్మాయికీ చెప్పాల్సిన బాధ్యత పెద్దవాళ్లదే. ఆరోగ్యం ఒక్కటే కాదు, మసి, నూనె పట్టిన బట్ట త్వరగా అంటుకుంటుంది, వేడిని ఎక్కువ పీలుస్తుంది, మెరిసే పట్టీలు కూడా చీకట్లో కనిపించవు.

కాబట్టి ఒకే బడ్జెట్‌లో పీబీఐ జత ఒకటా, ప్రమాణాలు పూర్తిగా అందుకున్న అరామిడ్ జతలు రెండా అంటే, రెండు జతలే. అందరికీ రెండేసి కుదరకపోతే కామన్ సైజుల్లో కొన్ని అదనపు సూట్లు స్టేషన్‌లో ఉంచండి. ఉతుకుడుకు వెళ్లినవాటి బదులు అవి వాడుకోవచ్చు.

ఉతకడం ఎక్కడ, ఎలా

మొదటి ఉతుకు మంట దగ్గరే మొదలవుతుంది. పని అయ్యాక, బ్రీతింగ్ సెట్ మాస్కు తీయక ముందే, తక్కువ ప్రెషర్ నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో పై నుంచి కింద దాకా కడిగించుకోవాలి. కాస్త సబ్బు ఉంటే మరీ మంచిది. తర్వాత సూట్ విప్పి సంచిలో కట్టి, బండిలో మనుషులు కూర్చునే చోట కాకుండా వేరే అరలో పెట్టాలి. ఇందులో ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఫలితం మాత్రం చాలా ఎక్కువ.

అసలు ఉతుకుడుకు రెండు దారులు. ఈ పనికే ఉన్న ప్రత్యేక లాండ్రీకి పంపడం, లేదా స్టేషన్‌లోనే మెషిన్ పెట్టుకోవడం. లాండ్రీ వాళ్లు ఉతకడంతో పాటు పొరలు విడదీసి పరీక్షిస్తారు, కుట్లు బాగుచేస్తారు. కానీ సూట్ చాలా రోజులు దూరంగా ఉంటుంది. స్టేషన్ మెషిన్‌లో అయితే అదే రోజు పని అవుతుంది, కాకపోతే ఒకరికి శిక్షణ ఇచ్చి ఆ బాధ్యత అప్పగించాలి. నా లెక్కలో రెండూ కలిపి వాడటం మేలు. మంట తర్వాతి ఉతుకు స్టేషన్‌లో, ఏడాదికోసారి పరీక్షతో కూడిన ఉతుకు లాండ్రీలో. సూట్ల సంరక్షణ మీద ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 1851 (ఇప్పుడు అది 1850లో భాగం) కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు పూర్తి ఉతుకు, ఒకసారి లోతైన పరీక్ష ఉండాలంటుంది. ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలు వేసే మెషిన్‌లో ఉతకడం మాత్రం ఎంపికే కాదు.

మెషిన్ ఫ్రంట్ లోడ్ రకమే కావాలి. టాప్ లోడ్‌లో మధ్యనుండే స్తంభం బట్టను మెలితిప్పి మధ్య పొర ఫిల్మ్‌ని చింపుతుంది. లోపొరనీ పైపొరనీ విడదీసి వేరువేరుగా వేయాలి. హుక్కులు, జిప్పులు, వెల్క్రోలు మూసేయాలి. నీళ్ల వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. డిటర్జెంట్ పీహెచ్ 6 నుంచి 10.5 మధ్య ఉన్నది వాడాలి. బ్లీచింగ్ ఒక్క చుక్క కూడా వద్దు, అది అరామిడ్ బలాన్ని తినేస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ కూడా వద్దు, అది బట్ట మీద పొరలా ఉండిపోయి మంటకు అంటుకుంటుంది. ఎండలో ఆరేయవద్దు. నీడన, గాలి బాగా తగిలే చోట, లోపలి వైపు బయటికి తిప్పి వేలాడదీయాలి. ఫ్యాన్ పెడితే చాలు. ఉతకని సూట్‌ని పడుకునే గదిలో, భోజనాల గదిలో ఉంచకూడదని వేరే చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పటికీ ఉంచుతున్నారు.

హుడ్, గ్లవ్స్, బూట్లు, లోదుస్తులు

తలకూ మెడకూ వేసుకునే హుడ్‌లో మామూలు అల్లిక రకం, మసి రేణువుల్ని ఆపే పొర ఉన్న రకం అని రెండున్నాయి. రెండోది కాస్త వేడిగా ఉంటుంది, మాట కొంచెం తక్కువ వినిపించవచ్చు. అయినా అదే తీసుకోండి. మెడ చర్మం పల్చన, మసి ఎక్కువగా చేరేదీ అక్కడే.

గ్లవ్స్‌లో మంటలకు ఒక జత, రెస్క్యూకి ఇంకో జత ఉండాలి. మందపాటి ఫైర్ గ్లవ్స్‌తో సీట్ బెల్ట్ కోయడం, కట్లు కట్టడం కష్టం. ఆ విసుగుతో చివరికి ఉత్త చేతులతో పని చేస్తారు. తోలు గ్లవ్స్ తడిసి, వేడికి ఆరితే ముడుచుకుపోతాయి. వాటిని హీటర్ మీద ఆరబెట్టవద్దు. రబ్బరు బూట్లు కడగడానికి సులువు, తోలు బూట్లు చీలమండకు ఆసరా ఇస్తాయి, నడకకు బాగుంటాయి. ఎక్కువసేపు నిలబడి, ఎక్కి దిగే పనికి తోలువి మేలు.

లోపల వేసుకునే బట్టల మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. పాలిస్టర్, నైలాన్ టీషర్టులు సూట్ లోపల కూడా వేడికి కరిగి చర్మానికి అతుక్కోగలవు. కాటన్, ఉన్ని, లేదా మంట అంటుకోని బట్టతో చేసినవే వేసుకోవాలి.

కొలత

కొనే ముందు వేసుకుని చూడాల్సిందే. చేతులు పైకెత్తి, నడుం వంచి, మోకాళ్ల మీద పాకి చూడాలి. ఎలా వంగినా కోటు ప్యాంటు మీద కనీసం 5 సెంటీమీటర్లు కప్పి ఉండాలి, మణికట్టు బయటపడకూడదు. బిగుతైతే పొరల మధ్య గాలి ఉండదు. మరీ వదులైతే కాళ్లకు అడ్డం పడుతుంది, తగులుకుంటుంది. మహిళలకు మగవాళ్ల సూట్‌లో చిన్న సైజు ఇచ్చి సరిపెట్టడం తప్పు. నడుము, భుజాల కొలతలు వేరు కాబట్టి మహిళల కోసం కుట్టిన రకాలు ఉన్నాయి, అవే అడగాలి.

బాగుచేయించాలా, పక్కన పెట్టాలా

పైపొర మీద చిన్న చిరుగు, ఊడిన మెరిసే పట్టీ, పాడైన జిప్పు బాగుచేయించుకోవచ్చు. అదీ తయారీ కంపెనీ ఒప్పుకున్నవాళ్ల దగ్గర, అదే రకం దారంతో. మామూలు పాలిస్టర్ దారంతో వేసిన కుట్టు మంటలో కరిగి విడిపోతుంది. లోపొర లోపలికి టార్చి వేసి బయటి నుంచి చూడండి. వెలుగు ఒక్కచోట ఎక్కువ కనిపిస్తే అక్కడ దూది పక్కకు జరిగిపోయినట్టు. మధ్య పొరని పైకి పెట్టి, కొద్దిగా రబ్బింగ్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు పోసి మూడు నిమిషాలు ఉంచండి. అడుగున తడి తగిలితే ఆ పొర పోయింది. పైపొర రంగు మారి, గట్టిపడి, గోటితో లాగితే దారాలు తెగుతుంటే ఇక బాగుచేయించే ఆలోచన వద్దు.

వయసు సంగతికొస్తే, ఎన్‌ఎఫ్‌పీఏ 1851 ప్రకారం తయారైన తేదీ నుంచి 10 ఏళ్లు దాటిన సూట్‌ని, ఎంత కొత్తగా కనిపించినా, వాడకూడదు. అల్యూమినైజ్డ్ పైపొరకి 5 ఏళ్లే. లెక్క కొన్న తేదీ నుంచి కాదు. కాబట్టి సెకండ్‌హ్యాండ్ సూట్లు, విరాళంగా వచ్చినవి తీసుకునేటప్పుడు ముందు లేబుల్ మీద తేదీ చూడండి. లేబుల్ లేనిది తీసుకోవద్దు. ప్రతి సూట్‌కీ ఒక కార్డు పెట్టి ఎప్పుడు ఉతికారు, ఏం బాగుచేశారు, ఎలాంటి మంటకు వెళ్లింది అన్నది రాసి పెట్టండి.

వాడకం ఆపేసిన సూట్‌ని మూలన వదిలేస్తే ఎప్పుడో తొందరలో ఎవరో వేసుకుని మంటలోకి వెళ్తారు. నిప్పు లేని శిక్షణకు వాడుకుంటే దాని మీద చెరగని పెద్ద అక్షరాలతో ఆ సంగతి రాయండి. అక్కర్లేకపోతే చేతులు, కాళ్లు కత్తిరించి పారేయండి.